అనంతపురం గరుసు నేల, పడమటి వాకిలి: ఇంటి ముందు ఏ చెట్లు పెట్టుకుందాం?

కొత్తిల్లు_అనంత | అనంతపురం

అందరికీ నమస్కారం. ఊరి చివర లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం అయిపోయింది, ఇక చెట్ల పని మొదలుపెట్టాలి. జాగా 36 x 60, పడమటి వాకిలి. ముందర 18 అడుగులు ఖాళీ వదిలాం. ఉత్తరం, దక్షిణం ఐదేసి అడుగుల సందులు, వెనక నాలుగడుగులు. పైన అడుగు మందాన ఎర్రమట్టి, ఆ కింద గడ్డపార కణకణమనే గరుసు. బోరు నీళ్లు బకెట్లో రాత్రంతా ఉంచితే అంచున తెల్ల పొర కడుతుంది. మే నెలలో ధార సన్నబడుతుందని పక్కింటివాళ్లు చెప్పారు.

మధ్యాహ్నం మూడు దాటితే ముందు గదిలో కూర్చోలేకున్నాం. రాత్రి తొమ్మిదప్పుడు చెయ్యి పెట్టినా ఆ గోడ వేడిగానే ఉంటుంది. నర్సరీలో అడిగితే ప్రహరీ వెంబడి కోనోకార్పస్, మధ్యలో లాన్, గేటుకు రెండు పక్కలా ఫాక్స్‌టెయిల్ పామ్ పెట్టమన్నారు. మా నాన్న వేపచెట్టు ఉండాల్సిందే అంటారు. మా ఆవిడకు పూజకు పూలు కావాలి. చిన్నపిల్లలు ఇద్దరున్నారు. నిండుగా పూసే చెట్టు ఒకటి ఇంటి ముందు ఉండాలని నా కోరిక. ఈ నేలలో, ఈ నీళ్లతో ఏది బతుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

శెనక్కాయ_చేను | ఉరవకొండ

కానుగ పెట్టుకోన్నా. ఇంగేమీ ఆలోచించద్దు.

ఉద్యాన_కడప | కడప

నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

ముందు కోనోకార్పస్ సంగతి. దయచేసి పెట్టొద్దు. నీళ్లు తక్కువైనా పచ్చగా, ఏపుగా పెరుగుతుందని అమ్ముతారు, ఆ మాట నిజమే. కానీ తేమ వెతుక్కుంటూ దాని వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి, సంపు పగుళ్లలోకి దూరతాయి. పుప్పొడి వల్ల దగ్గు, జలుబు, ఆయాసం వస్తున్నాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. అది మన చెట్టు కూడా కాదు. పిట్టకు పండు ఇవ్వదు.

లాన్ గురించి లెక్క చెబుతాను. ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లయినా కావాలి. వంద చదరపు అడుగులకు అది 46 లీటర్లు. మీ ముందు జాగా 36 x 18, అంటే దాదాపు 650 చదరపు అడుగులు. సగంలో లాన్ వేసినా రోజుకు 150 లీటర్లు. బోరు సన్నబడే మే నెలలోనే ఈ ఖర్చు. అదే 150 లీటర్లతో ఏడు చిన్న చెట్లను వారం రోజులు బతికించవచ్చు.

ఇప్పుడు నాకు కావలసిన వివరాలు: కరెంటు తీగలు రోడ్డుకు ఏ పక్కన ఉన్నాయి? సెప్టిక్ ట్యాంకు ఎక్కడ? మిద్దె మీద వాననీళ్లు ఎటు పోతున్నాయి? ఇవి తెలియకుండా చెట్టు పేరు చెప్పడం సరికాదు.

కొత్తిల్లు_అనంత | అనంతపురం

సార్, చాలా థ్యాంక్స్. తీగలు రోడ్డుకు అవతలి పక్కన ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు వాస్తు ప్రకారం వాయవ్యం మూలలో కట్టించాం. వాననీళ్లు నాలుగు పైపుల్లో కిందికి దిగి రోడ్డు మీదికి పోతున్నాయి.

పెన్నగట్టు | తాడిపత్రి

వాననీళ్లు రోడ్డు మీదికి వదిలేయడం చూస్తే బాధేస్తుంది బ్రదర్. మన జిల్లాకు ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్ల వాన. మీ మిద్దె వెయ్యి చదరపు అడుగులనుకుందాం. పడిన దాంట్లో ఐదో వంతు పోయినా 40 వేల లీటర్లు మిగులుతుంది. ఆ నీళ్లలో మీ బోరులో ఉన్న ఉప్పు ఉండదు. ముందర వైపు దిగే రెండు పైపులనైనా చెట్టు పెట్టే చోటికి తిప్పుకోండి. చెట్టు మొదలుకు ఐదారు అడుగుల దూరంలో ఇంకుడు గుంత తీసి, కంకర నింపి, పైపు దాంట్లోకి వదలండి. చెట్టు వేర్లు వాటంతటవే అటు వెళ్తాయి. గుంత మటుకు ఇంటి పునాదికి పదడుగులకు తగ్గకుండా ఉండాలి.

ఉద్యాన_కడప | కడప

పెన్నగట్టు గారు సరిగ్గా చెప్పారు.

ఇప్పుడు నీడ విషయం. మీ అసలు కష్టం పడమటి ఎండ. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ ఆఖరుకు మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మనకు ఉత్తరం వైపు ఒరిగే ఉంటాడు. అంటే మే నెల సాయంత్రపు ఎండ నేరుగా పడమర నుంచి రాదు, పడమటికి కాస్త ఉత్తరం నుంచి వస్తుంది. నీడచెట్టు నైరుతిలో పెడితే ఆ ఎండకు అది అడ్డం రాదు. పడమటి గోడకు ఎదురుగా, నడిమి నుంచి వాయవ్యం వైపు ఉండాలి.

కానీ వాయవ్యంలో మీ ట్యాంకు ఉంది. దాని పక్కన పెద్ద చెట్టు పెట్టకూడదు. కాబట్టి నీడచెట్టును పడమటి జాగాకు నట్టనడుమ, ఇంటి గోడకు 12 అడుగులు, ప్రహరీకి 6 అడుగులు ఉండేలా పెట్టండి. ట్యాంకు వైపు మిగిలిపోయే ఎండకు తీగ పందిరి వేసుకోండి.

కదిరి_మల్లె | కదిరి

సార్, పడమర పెద్ద చెట్టు ఉండటం వాస్తుకు కూడా మంచిదే అంటారు. ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ ఉండదు.

పందిరికి రాధామనోహరం బాగుంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని తెల్లారేసరికి గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి, వాసన కూడా. బోగన్‌విల్లా అయితే నీళ్లు ఇంకా తక్కువ చాలు, కానీ ముళ్లు. పిల్లలు తిరిగే చోట నేనైతే రాధామనోహరమే పెడతాను.

కొత్తిల్లు_అనంత | అనంతపురం

మరి ఆ నట్టనడుమ చెట్టు వేపా, కానుగా? నాన్న పక్కనే కూర్చుని ఇవన్నీ చదివించుకుంటున్నారు.

శెనక్కాయ_చేను | ఉరవకొండ

పెద్దాయనకు నమస్కారాలు చెప్పన్నా. ఏపచెట్టును కాదనేదానికి నాకు నోరు రాదు. మా కళ్లం కాడ ఉండేది ఏపచెట్టే. కానీ అది చేనికాడి చెట్టు, దానికి జాగా కావల్ల. ఇంటి ముందర పద్దెనిమిది అడుగుల్లో కానుగే మేలు. మాసి నెలలో, అంటే శివరాత్రి అప్పుడు, పాత ఆకు రాల్చి, ఉగాదికంతా కొత్త ఆకు ఏసుకుంటాది. ఊరంతా మాడిపోయే టయానికి దాని ఆకు నూనె పూసినట్ల మెరుస్తాంటాది. నీడ చిక్కగా ఉంటాది. మేకలు కూడా కానుగాకు జోలికి ఊరికే పోవు. గరుసులో గూడా తల్లివేరు దిగుతాది. కొమ్మలు ఎంత కొట్టినా మళ్లీ ఇగురేస్తాది.

ఉద్యాన_కడప | కడప

రైతన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. వేప గొప్ప చెట్టే. కానీ 2021 నుంచి వానాకాలం చివర్లో వేపకొమ్మల కొసలు మాడిపోవడం మనమంతా చూస్తున్నాం. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. పెద్ద చెట్లు వేసవికి మళ్లీ చిగురించి తేరుకున్నాయి. లేత మొక్కలకు మాత్రం అది కష్టం. దానికి తోడు వేప 40 అడుగులకు పైగా పెరుగుతుంది, గొడుగు కూడా అంతే పరుచుకుంటుంది.

కానుగకు ఒక్క చికాకు ఉంది, ముందే చెబుతాను. ఆకుల మీద చిన్న చిన్న బొడిపెలు వస్తాయి. నల్లి వల్ల వచ్చేవి. చూడ్డానికి బాగుండవు కానీ చెట్టుకు ప్రమాదం లేదు, మందులు కొట్టాల్సిన పని లేదు. లేత ఊదా పూలు రాలి వాకిట్లో చాపలా పరుచుకుంటాయి, రోజూ ఊడ్చుకోవాలి. తేనెటీగలు బాగా వస్తాయి.

వేప మీద మనసుంటే లేఅవుట్ పార్కు జాగాలో ఒకటి నాటించండి. అక్కడ దానికి కావలసినంత చోటు దొరుకుతుంది.

నల్లరేగడి | కర్నూలు

పూలచెట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. ఎర్ర తురాయి జోలికి పోవద్దు. మే నెలలో చూస్తే మతి పోతుంది, నిజమే. కానీ వేర్లు పైపైనే పాకి బండల్ని లేపుతాయి, కొమ్మ పెళుసు, ఈదురుగాలికి విరిగి పడుతుంది. మా వీధిలో ఒకటి ప్రహరీ గోడను మొత్తం పక్కకు నెట్టేసింది. రోడ్ల పక్కన, కాలేజీ మైదానాల్లో ఉండాల్సిన చెట్టు అది. పచ్చ తురాయి ఇంకా పెద్దది.

నా ఓటు రేలకు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు దాదాపు కనిపించకుండా బంగారు గొలుసులు వేలాడతాయి. మన అడవుల చెట్టు. మధ్యరకం ఎత్తు పెరుగుతుంది. మొదటి రెండేళ్లు ఏమీ ఎదగనట్టే ఉంటుంది, ఓపిక పట్టాలి. పసుపుపచ్చ సీతాకోకల పురుగులు ఆకులు తింటాయి. తిననివ్వండి, మళ్లీ వస్తాయి. విత్తనంతో పెంచాలంటే పెంకు చాలా గట్టి. ఒక పక్క గరుకు రాతి మీద రుద్ది రాత్రంతా నానబెడితేనే మొలుస్తుంది.

మిద్దెతోట | ప్రొద్దుటూరు

దేవగన్నేరును మరిచిపోయారు! ఇంత తక్కువ నీళ్లతో, ఇంత అందంగా ఉండే చెట్టు ఇంకోటి లేదని నా అభిప్రాయం. మొక్క కొనక్కర్లేదు. ఎవరింట్లోనైనా మోచేతి పొడవు కొమ్మ అడిగి తెచ్చుకుని, పాలు కారడం ఆగి కోసిన చోట గట్టిపడే దాకా నీడలో పడేయండి. వారం పైగా పడుతుంది. తర్వాత నాటితే చాలు. పచ్చిగా నాటితే కుళ్లిపోతుంది. నీళ్లు ఎక్కువ పోసినా కుళ్లిపోతుంది. చలికాలంలో ఆకు మొత్తం రాల్చి మోడులా నిలబడుతుంది, చచ్చిపోయిందని పీకేయకండి. గుడి పూల వాసన వాకిట్లోనే ఉంటుంది.

కొత్తిల్లు_అనంత | అనంతపురం

రేల, దేవగన్నేరు రెండూ పెట్టొచ్చా? ఎర్రచందనం గురించి కూడా అడగాలనుకున్నాను, ఒకాయన ఇంట్లో పెట్టకూడదు, కేసు అవుతుందన్నాడు.

ఉద్యాన_కడప | కడప

నాటడానికి అడ్డేమీ లేదు. నరకడానికి, తరలించడానికే అటవీ శాఖ అనుమతి కావాలి. ఎర్రచందనం ప్రపంచంలో మన శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లోనే సహజంగా పెరిగే చెట్టు. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. రాతినేల, నీళ్లు నిలవని చోటు దానికి ఇష్టం, కాబట్టి మీ గరుసులో బాగానే వస్తుంది. చాలా నిదానంగా పెరుగుతుంది. డబ్బు వస్తుందన్న ఆశతో మాత్రం పెట్టొద్దు. మన సీమ చెట్టు మన వాకిట్లో ఉందన్న తృప్తికి పెట్టుకుంటానంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. మీ జాగాలో మాత్రం రేల, ఎర్రచందనం రెండింటికీ చోటు చాలదు, ఒకటే ఎంచుకోండి. నైరుతి మూలలో, గోడలకు ఏడెనిమిది అడుగులు వదిలి పెట్టండి. దేవగన్నేరు గేటు పక్కన సరిపోతుంది.

కదిరి_మల్లె | కదిరి

పూజ పూల గురించి అక్కకు చెప్పండి. పిల్లలున్న ఇంట్లో గన్నేరు, ముఖ్యంగా పచ్చ గన్నేరు వద్దు. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. నీళ్లు లేకపోయినా పూస్తుందని అందరూ పెట్టేస్తారు. పిల్లలు ఆ కాయలతో ఆడుకోవడం చూస్తే గుండె ఝల్లుమంటుంది.

నందివర్ధనం, పారిజాతం, మల్లె. ఈ మూడూ ఉంటే ఏడాదంతా పూజకు కొదవ ఉండదు. ఎర్రనేల మల్లెకు బాగా నచ్చుతుంది. మా వైపు తోటల్లో నవంబరు నుంచి నీళ్లు తగ్గించేస్తారు. ఆకు రాల్చడానికి కొన్నిచోట్ల గొర్రెల్ని వదిలి మేపుతారు. జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, మళ్లీ నీళ్లు పెడితే మార్చి నుంచి మొగ్గే మొగ్గ. ఇంట్లో మొక్కక్కూడా అదే పద్ధతి. చలికాలంలో జాలిపడి నీళ్లు పోస్తే ఆకే పెరుగుతుంది, పూలు రావు.

మిద్దెతోట | ప్రొద్దుటూరు

నూరువరహాలు మాత్రం వద్దక్కా. ఆ బోరు నీళ్లకు లేతాకు పసుపుపచ్చగా పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఎరువు తక్కువైందని జనం పేడ కుమ్మరిస్తారు. లోపం ఇనుముది. నీళ్లలో సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుమున్నా మొక్క తీసుకోలేదు.

శెనక్కాయ_చేను | ఉరవకొండ

శెనక్కాయలకు గూడా అట్లే వస్తాదక్కా. లీటరు నీళ్లకు ఐదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట కొడితే తిరుక్కుంటాది. వారం ఇడిసి ఇంకోసారి కొట్టల్ల.

నల్లరేగడి | కర్నూలు

మొక్క కొనేటప్పుడు ఒకటి గమనించండి. పదడుగుల ఎత్తు, పూలతో ఉన్న మొక్క చూసి మోజుపడొద్దు. పెద్ద మొక్కలు చాలావరకు కడియం నుంచి వస్తాయి. అక్కడివాళ్లు గొప్ప పనివాళ్లే, అందులో సందేహం లేదు. అయితే ఆ వేరుముద్ద గోదావరి బంకమట్టి. దాన్ని అలాగే మన గరుసులో దింపితే ఎండకు ఇటుకలా బిగుసుకుపోతుంది. మీరు పోసిన నీళ్లు ముద్ద చుట్టూ జారి కిందికి ఇంకిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎందుకు ఎండిందో ఎవరికీ అర్థం కాదు. వేలు పెట్టి చూడండి, గోరు దిగదు.

రెండు మూడడుగుల మొక్క, వీలైతే మన జిల్లా నర్సరీలో పెరిగినది తీసుకోండి. అటవీ శాఖ నర్సరీల్లో కానుగ, రేల, వేప ఉంటాయి. సంచి చింపాక అడుగున వేర్లు గుండ్రంగా చుట్టుకుని కనిపిస్తే ఆ చుట్టను కత్తితో కోసేయాలి. వదిలేస్తే నేలలోకి దిగాక కూడా అవి అక్కడక్కడే తిరుగుతుంటాయి.

పెన్నగట్టు | తాడిపత్రి

గుంతల సంగతి. మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు తీయాలి. గరుసులో జేసీబీ అవసరం కావచ్చు. ఇప్పుడే తీసి రోహిణి కార్తె ఎండకు వదిలేయండి. చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, పైన తీసిన ఎర్రమట్టి కలిపి నింపి, రెండు దోసిళ్ల వేపపిండి వేయండి. చెదలుకు అది ముఖ్యం. గుంత అంచులు నున్నగా చెక్కేయకుండా గడ్డపారతో గాట్లు పెట్టించండి, లేకపోతే వేరు బయటికి పోలేదు.

ముందర అంతా బండలు పరిపించే ఉద్దేశం ఉంటే చెట్టు చుట్టూ కనీసం నాలుగడుగులు వదలండి. కడప బండ ఎండకు ఎంత కాలుతుందో మీకు తెలుసు. ఆ సెగ మొదలుకు తగలకూడదు.

కొత్తిల్లు_అనంత | అనంతపురం

నీళ్లు ఎలా పోయాలి? రోజూ ఒక బకెట్ సరిపోతుందా? ఆర్వో వేస్టు నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు వాడొచ్చా?

ఉద్యాన_కడప | కడప

రోజూ కాస్త పోస్తే వేర్లు పైనే ఉండిపోతాయి. వారానికోసారి, ఒక్కో మొక్కకు 20 లీటర్లు, నిదానంగా ఇంకేలా పోయండి. నాటిన కొత్తలో మాత్రం మొదటి నెల వారానికి రెండుసార్లు. రెండు ఎండాకాలాలు ఇలా దాటిస్తే మూడో ఏటి నుంచి కానుగ, రేల మీ మీద ఆధారపడవు.

అంతకంటే మంచిది కుండ పద్ధతి. కాల్చిన మామూలు మట్టికుండను, రంగు వేయనిది, మొక్కకు అడుగున్నర దూరంలో మెడ దాకా పూడ్చండి. నీళ్లు నింపి మూత పెట్టండి. చుట్టూ మట్టి ఆరేకొద్దీ కుండ చెమర్చి తడిపెడుతుంది. బోరు నీళ్ల సున్నంతో కుండ రంధ్రాలు పూడిపోతాయి, కాబట్టి ఏడాదికోసారి మార్చాలి.

ఆర్వో వదిలే నీళ్లలో బోరు కంటే ఎక్కువ ఉప్పు ఉంటుంది. మొక్కలకు వద్దు, గచ్చు కడుక్కోండి. సబ్బునీళ్లలో సోడియం ఉంటుంది, అదీ వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం భేషుగ్గా వాడొచ్చు.

శెనక్కాయ_చేను | ఉరవకొండ

మొదల్ల మీద శెనక్కాయ పొట్టు పరుచుకోన్నా, నాలుగు వేళ్ల మందాన. ఎండకు నేల కాగదు. మిల్లు కాడ మూటలు దొరుకుతాయి. కాండానికి మాత్రం జానెడు ఎడం ఇడువు, లేకుంటే చెదలు నేరుగా చెట్టుకే ఎక్కుతాయి.

కదిరి_మల్లె | కదిరి

దక్షిణం సందులో కరివేపాకు, గోరింట, కలబంద. ఐదడుగుల్లో అంతకంటే ఏమీ వద్దు.

కొత్తిల్లు_అనంత | అనంతపురం

అందరి మాటలూ కలిపి ఇలా అనుకున్నాం: పడమర నడుమ కానుగ, నైరుతిలో రేల, గేటు పక్కన దేవగన్నేరు, వాయవ్యం పందిరికి రాధామనోహరం. ట్యాంకు పక్కనే ఉత్తరం గోడ వెంబడి పారిజాతం, నందివర్ధనం. మల్లె గుమ్మం పక్కన. వేప పార్కులో, నాన్నే నాటుతానన్నారు. లాన్ లేదు. జేసీబీ శనివారం వస్తోంది.

ఉద్యాన_కడప | కడప

పారిజాతాన్ని ట్యాంకుకు ఇంకో ఆరడుగులు తూర్పుకు జరపండి, మిగతాదంతా బాగుంది. జేసీబీ వచ్చేలోపు ట్యాంకు పైపు ఎటు పోయిందో సున్నంతో గీత గీయించుకోండి.

శెనక్కాయ_చేను | ఉరవకొండ

ముంగారి తొలివానకే తొందరపడి నాటద్దు. మన పక్క అది నమ్మేదానికి ల్యా, ఒక వాన పడి నెల దినాలు ఎండగొడతాది. గుంత నింపి పెట్టుకోని, వాన రెండు మూడు మార్లు పడి మట్టి కుంగినాక నాటు. ఆగస్టులో నాటినా ఏం కాదు, ఉత్తర, హస్త కార్తెల వానలు దానికి అందుతాయి. కానుగ మొక్కలు మా చేని గట్టున మొలిచినవి ఉండాయి. చిన్నవే, జానెడున్నర. కావాలంటే చెప్పు, వేరు తెగకుండా తీసి ఎత్తిపెడతా.

కొత్తిల్లు_అనంత | అనంతపురం

కావాలన్నా. రెండు ఎత్తిపెట్టు, ఒకటి మాకు, ఒకటి పక్కింటివాళ్లకు. వాన పడ్డాక నేనే ఉరవకొండకు వచ్చి తీసుకుంటా.